బెజవాడ ఎంత దూరము?

“బెజవాడ ఎంత దూరమండీ?” అని హైదరాబాదులో ఎవరినైనను అడిగి చూడుడు. నూటికి తొంబదిమంది మైళ్ల లెక్క చెప్పరు. “బస్సులో ఐదు గంటలు” అని ఒకరందురు. “రాత్రి బండి ఎక్కితే తెల్లవారేసరికి దిగవచ్చు” అని మరియొకరందురు. “విమానంలో గంట” అని చేత తోలుపెట్టె పట్టుకొనిన పెద్దమనిషి యనును. అడిగినది దూరము, వచ్చిన జవాబు కాలము. ఇందు వింత యేమియు లేదు. మన పూర్వులును ఇట్లే ‘పూట ప్రయాణము’, ‘మూడు మజిలీలు’ అని చెప్పుకొనిరి. ఆమడ, కోసు అను కొలతలు ఉండెనేగాని, అవి సీమకొక తీరున సాగుచు, కుంచించుకొనుచు ఉండెను. బయలుదేరినవాడు ఎప్పుడు చేరునన్నదే ఇంటివారికి కావలసిన లెక్క.

రోడ్డుమీద ఈ రెండు నగరముల నడుమ దూరము సుమారు 275 కిలోమీటరులు; పాత లెక్కలో 170 మైళ్లు. బేగంపేట విమానాశ్రయమునుండి గన్నవరము విమానాశ్రయమునకు పటముమీద సూటిగా గీత గీచినచో ఇంచుమించు 265 కిలోమీటరులు వచ్చును. గన్నవరము బెజవాడ దాటిన పిమ్మట ఇరువది కిలోమీటరుల దూరమున ఉండుటచేత, ఆకాశమార్గమువలన మిగిలినది స్వల్పమే యని తోచును. ఆ గీతను గీచినవారు హైదరాబాదు దాటిన కొలది సేపటికే ఒక యూరి చెంత పెన్సిలు ఆపవలెను. ఆ యూరు పోచంపల్లి. నల్లగొండ జిల్లాలో పేరు పొంది, 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన నేతగాండ్ర ఊరు అది. ఈ రెండు సీమల నడుమ మూడు నాలుగు వందల యేండ్లుగా ఎన్ని మార్గములు ఏర్పడినను అవన్నియు ఆ యూరికి ఒక ప్రక్కగనో, పైగనో పోయినవే. చరిత్రను మోసుకొని ఊరిలోనికి వచ్చినవాడు మాత్రము కాలినడకన వచ్చెను. అతనివద్దకు చేరుటకు ముందు తక్కిన ప్రయాణికులను ఒకమారు చూచి పోవలెను.

పదునేడవ శతాబ్దిలో గోలకొండ రాజ్యమున బెజవాడకంటె బందరుకు పేరు హెచ్చు. వజ్రములును, అద్దకపు వస్త్రములును బందరు రేవున ఓడలెక్కెడివి. అచ్చట డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును వర్తకస్థానములు నెలకొల్పుకొనిరి. కావున నేటి హైదరాబాదు–బెజవాడ దారికి పూర్వరూపము గోలకొండ–బందరు దారియే యనవచ్చును. ఆ దారిని ఎరిగి వ్రాసినవారిలో టావెర్నియె అను ఫ్రెంచి వజ్రవర్తకుడు ముఖ్యుడు. ఆయన యాత్రాగ్రంథము 1676లో అచ్చయ్యెను. గోలకొండనుండి బందరుకు సూటిదారి నూరు లీగులనియు, కొల్లూరు వజ్రపు గని మీదుగా పోయినచో నూటపండ్రెండనియు ఆయన లెక్క. లీగని ఆయన వ్రాసినది మన కోసునే. తాను మాత్రము తరచుగా ఆ చుట్టుదారినే పట్టితినని చెప్పుకొనెను. వర్తకునకు దగ్గరదారి యనగా లాభమున్న దారియే గదా! ఆ కొల్లూరు గోలకొండకు తూర్పున ఏడు దినముల ప్రయాణమట. ఆ ప్రాంతము నేడు పులిచింతల జలాశయపు నీటి క్రింద నున్నది.

ఆయన చెప్పిన మజిలీలలో హయాత్‌నగరము, పంతంగి, పానగల్లు కలవు. హయాత్‌నగరము అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగము పేరిట వెలసిన ఊరు. బాటసారులకై కట్టిన సరాయి అచ్చట ఉండెను. పానగల్లు నల్లగొండ పట్టణము ప్రక్కనే యున్నది. పంతంగి చౌటుప్పలుకు దగ్గర. నేడు బెజవాడ బస్సులో పోవువారికి సుంకపు గేటువలన ఆ పేరు పరిచితము. మూడు వందల యేబది యేండ్ల క్రిందట ప్రయాణికులు దిగిన చోటనే ఇప్పుడును బండ్లు ఆగుచున్నవి. అప్పుడు విశ్రాంతికి, ఇప్పుడు చెల్లింపునకు. పంతంగినుండి పోచంపల్లి రెండు మూడు గంటల నడక. వజ్రముల దారి ఆ మాత్రపు దూరమున ప్రక్కగా సాగిపోయెను.

ఆ కాలపు వేగమేమో కూడ టావెర్నియె తెలిపెను. ఈ దేశమున గుఱ్ఱములకు మారుగా ఎద్దులనెక్కి పోవుట, ఎద్దులు పూన్చిన బండిలో పోవుట చూచి ఆయన ఆశ్చర్యపడెను. మంచి జత యెద్దులకు తాను ఆరు వందల రూపాయలు ఇచ్చితిననెను. అవి దినమునకు పండ్రెండు మొదలు పదునైదు కోసులవరకు, అరువది దినములు ఎడతెగక పరుగు నడకను పోగలవట. సగము దారిలో గోధుమపిండిలో వెన్నయు నల్లబెల్లమును కలిపి పిసికిన ముద్దలు రెండు మూడు పెట్టి, సాయంకాలము శనగలు వేసెడివారట. ఈ లెక్కన గోలకొండనుండి బందరుకు ఎనిమిది తొమ్మిది దినములు. ఇది ధనవంతుని వేగము. సరకు మోయు ఎద్దులకును, మూట నెత్తిన పెట్టుకొనిన కాపునకును ఇంకను హెచ్చు దినములు పట్టి యుండుననుట చెప్పనక్కరలేదు.

రెండు శతాబ్దులు గడచినవి. 1874లో వాడినుండి సికిందరాబాదుకు రైలు వచ్చెను. ఆ దారి 1886లో ఓరుగల్లువరకును, 1888లో డోర్నకల్లు మీదుగా బొగ్గుసీమకును, 1889లో బెజవాడకును చేరెను. ఇచ్చట ఒక విశేషమును గమనింపవలెను. సికిందరాబాదునుండి బెజవాడకు ఈ రైలుదారి 350 కిలోమీటరులు. రోడ్డుకంటె డెబ్బదియైదు కిలోమీటరులు హెచ్చు! తూర్పునకు సూటిగా పోవలసిన ఇనుపదారి ఉత్తరముగా ఓరుగల్లు చుట్టి, సింగరేణి బొగ్గును పలుకరించి, ఖమ్మము మీదుగా దిగివచ్చెను. దూరము పెరిగెను; కాలము మాత్రము వారమునుండి ఒక రాత్రికి తగ్గెను. ఆనాటినుండియే మన జనులు మైళ్లను మరచి గంటలలో మాటాడుట స్థిరపడెనని నా యూహ. చుట్టు తిరిగినను త్వరగా చేర్చు దారినే జనులు దగ్గరదారి యనుకొనిరి.

ఈ రైలుదారియు పోచంపల్లికి చేరువగనే పోయెను. బీబీనగరు స్టేషను ఆ యూరికి ఉత్తరమున నున్నది. నల్లగొండ మీదుగా నడికుడికి పోవు మరియొక దారి 1980లలో ముగిసి, అదియు బీబీనగరునుండియే చీలెను. ఊరు మాత్రము ఇనుపదారికి ఆవలనే ఉండిపోయెను. దక్షిణమున బెజవాడ రోడ్డు, ఉత్తరమున రైలు. నడుమ మగ్గముల చప్పుడు.

1932వ సంవత్సరము మన ప్రయాణముల చరిత్రలో గుర్తుంచుకొనదగినది. ఆ యేట నిజాం రాష్ట్ర రైల్వేవారు ఇరువదియేడు బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా కరాచీనుండి బొంబాయికి తపాలా సంచులతో చిన్న విమానమును నడిపెను. అచ్చటనుండి నెవిల్ విన్సెంటు దానిని బళ్లారి మీదుగా మద్రాసుకు కొనిపోయెను. తెలుగువారు పెక్కుమంది నివసించు బళ్లారికి ఆ గౌరవము ముందు దక్కెను. కొంతకాలమునకు ఆ మజిలీ హైదరాబాదుకు మారెను. 1945లో నిజాం రాష్ట్ర రైల్వేయు టాటావారును కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థను స్థాపించిరి. 1946లో దాని డకోటా విమానములు బేగంపేటనుండి ఎగురసాగెను. రైలు కంపెనీయే విమాన కంపెనీని పెట్టుట నేటివారికి విడ్డూరముగా తోచవచ్చును. జనులను చేరవేయుట తన వృత్తి యని ఎరిగిన సంస్థకు అది సహజమే. 1947లో విమానచోదకురాలిగా అనుమతిపత్రము పొందిన ప్రేమ్ మాథుర్‌ను, ఆడుది యను కారణమున అనేక సంస్థలు కాదనగా, పనిలోనికి తీసికొనినది ఈ డెక్కన్ ఎయిర్‌వేసే. 1953 ఆగష్టు 1న ఎనిమిది సంస్థలను కలిపి ప్రభుత్వము ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషనును ఏర్పరచినప్పుడు ఇదియు అందులో లీనమయ్యెను.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయుదము. పలకయు బలపమును అందుబాటులో నుంచుకొనిన పిల్లలున్నచో మంచిదే. డకోటా గంటకు ఇంచుమించు 160 మైళ్లు పోవుననుకొందము. బేగంపేటనుండి గన్నవరమునకు సుమారు 165 మైళ్లు. అనగా గంటకు పైచిలుకు. ఎక్కుటకు దిగుటకు పది పదునైదు నిమిషములు చేర్చుడు. ఇక నేటి చిన్న విమానమును తీసికొనుడు. డెబ్బదిమందిని ఎక్కించుకొని గంటకు 500 కిలోమీటరులు, అనగా మూడు వందల మైళ్లకు పైగా పోగలదు. లెక్క ప్రకారము అరగంటలో బెజవాడ రావలెను. కాని కాలపట్టికలో చూచినచో హైదరాబాదు–విజయవాడ విమానమునకు ఇప్పటికిని ఒక గంట యనియే వ్రాసియుండును!

మిగిలిన అరగంట ఏమయ్యెను? విమానసంస్థలు ప్రయాణకాలమును చక్రములు కదలినప్పటినుండి మరల ఆగువరకు లెక్కించును. నేలమీద పాకుచు పోయి పరుగుబాట చివరకు చేరుట, ముందున్న విమానము లేచువరకు నిలుచుట, క్రమముగా పైకెక్కుట, అంతకంటె నిదానముగా దిగుట, వరుసలో తన వంతు వచ్చువరకు చుట్టు తిరుగుట, ఇవన్నియు అందులో చేరియుండును. రెండు వందల అరువది కిలోమీటరుల దారిలో పూర్తి వేగముతో పోవుటకు దక్కునది నడిమి భాగము మాత్రమే. ఢిల్లీకి పోవునప్పుడు వేగము అక్కరకు వచ్చును. బెజవాడకు పోవునప్పుడు అది ఇంటిలో దాచిన పట్టుచీరవంటిది, కట్టుకొను తరుణమే రాదు. పైగా బేగంపేట ఊరినడుమ నుండెను. 2008 మార్చి 23న విమానములు శంషాబాదుకు మారినవి. ఇంటినుండి శంషాబాదుకు గంట, తనిఖీలకును నిరీక్షణకును గంటన్నర, ఆకాశమున గంట, గన్నవరమునుండి బెజవాడ ఇంటికి మరియొక ముప్పాతిక గంట. మొత్తము నాలుగు గంటలు దాటెను. 2023 సంక్రాంతినాడు సికిందరాబాదునుండి బయలుదేరిన వందేభారత్ రైలు, ఓరుగల్లు చుట్టుదారిలోనే పోవుచు, నాలుగు గంటల పైచిలుకుకే బెజవాడ చేర్చుచున్నది. ఆకాశము, నేల చివరకు సరిసమానమైనవి. వేగమున ఎవరికిని లొంగనిది ఒక్క రేడియోయే. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన బెజవాడ కేంద్రమునుండి పలికిన పలుకు, ప్రసారము అందినచో, హైదరాబాదు చేరుటకు సెకనులో వేయవవంతైనను పట్టదు.

ఇక గీత దగ్గర పెన్సిలు ఆపిన చోటికి మరలుదము. బేగంపేటనుండి సూటిగా గన్నవరమునకు పోవు రేఖ పోచంపల్లిని మూడు నాలుగు కిలోమీటరుల అంతరముతో దాటును. డకోటా వేగమున అది లేచిన తొమ్మిది పది నిమిషములకే సంభవించును. కిటికీలోనుండి చూచువానికి కొన్ని చెఱువులు, తాళ్లు, బండరాళ్ల గుట్టలు, కప్పుల గుంపొకటి కనబడి మాయమగును. ఆ కప్పుల క్రింద కాలమును దూరమును కొలుచు తీరు వేరు. అచ్చటి నేత పనిలో, వస్త్రము నేయుటకు ముందే నూలును చిట్లుగా కట్టి రంగులలో ముంచి, పడుగులో పేకలో బొమ్మ కుదురునట్లు చేయుదురు. చిట్కి యని దానిని పిలుచుట కలదు. అందుకై నూలును అర్ధచంద్రాకారపు మేకులచుట్టు త్రిప్పుటను ఆసు పోయుట యందురు. అది ఇంటి ఆడువారి పని. ఒక్క చీరకు చేయి అటునిటు తొమ్మిది వేల మారులు ఆడవలెనట. ఒక్కొక్క మారు గజము దూరమే అనుకొన్నను, ఒక చీరకు తల్లి చేయి ఎనిమిది కిలోమీటరులకు పైగా ప్రయాణము చేయును. దినమునకు రెండు చీరలైనచో, కూర్చున్న చోటునుండి కదలకయే ఆమె బెజవాడ రోడ్డు చేరినంత పని. ఆ భుజముల నొప్పిని తన తల్లియందు చూచిన చింతకింది మల్లేశము 1999లో ఆసు యంత్రమును కనిపెట్టి, ఆమె పేరిట లక్ష్మీ ఆసు యంత్రమని నామకరణము చేసెను. 2017లో పద్మశ్రీ పొందెను. నాలుగైదు గంటల శ్రమను గంటన్నరకు దించిన ఆ యంత్రమును, ప్రయాణకాలమును తగ్గించిన ఏ విమానమునకైనను తక్కువ చేసి చెప్పుటకు నాకు మనసొప్పదు. ఒక వేడుక: ఎయిరిండియా విమాన పరిచారికలు పోచంపల్లి పట్టుచీరలు ధరించిన కాలమును ఒకటి కలదు. ఊరు విమానములోనికి అట్లు ఎక్కినది. విమానము ఊరికి దిగినది లేదు.

ఇప్పుడు పాదచారి కథ. 1951 ఏప్రిలులో హైదరాబాదు చెంతనున్న శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము జరిగెను. వార్ధా దగ్గర ఆశ్రమములోనున్న ఆచార్య వినోబా భావేను రమ్మని మిత్రులు పట్టుపట్టిరి. వార్ధానుండి హైదరాబాదుకు రైలున్నది. బేగంపేటకును నాగపూరుకును విమానములున్న దినములవి. వినోబా రైలెక్కలేదు. మార్చి 8న నడక ప్రారంభించి, సుమారు మూడు వందల మైళ్లు నడచి, నెల దినములకు శివరాంపల్లి చేరెను. ఒక రాత్రిలో ముగియు ప్రయాణమునకు నెల పట్టుట వృథాకాలహరణమని తలంచినవారు ఆనాడును ఉండియుందురు.

సమ్మేళనము ముగిసిన పిమ్మట తిన్నగా ఆశ్రమమునకు మరలక, తెలంగాణపు పల్లెలలో నడచి పోవుటకు ఆయన నిశ్చయించుకొనెను. ఏప్రిలు 15న శ్రీరామనవమి. ఆనాడు హైదరాబాదు జైలులోనున్న కమ్యూనిస్టు ఖైదీలను కలిసి మాటాడెను. ఆ కాలపు నల్లగొండ పరిస్థితిని ఎరిగినవారికే ఆ నడక యెట్టిదో బోధపడును. 1946నుండి సాగిన సాయుధ పోరాటము అప్పటికింకను ముగియలేదు. 1951 అక్టోబరులోగాని విరమింపబడలేదు. పల్లెలలో పగలు పోలీసుల భయము, రాత్రి దళముల భయము. దొరలు కొందరు పట్టణములు చేరిరి. మోటారులో వచ్చినవానిని చూచిన పల్లె తలుపులు మూసికొనెడిది. నడచి వచ్చు ముసలివానికి తలుపు మూయుటకు కారణము కనబడలేదు. వేగముగా పోవువాడు దారిని దాటును. నడచువాడు దారిలోని ప్రతి మనిషిని కలిసికొనవలసినదే.

ఏప్రిలు 18 ఉదయమున ఆయన పోచంపల్లి చేరెను. శివరాంపల్లినుండి ఆ యూరికి నేడు కారులో గంటన్నర. ఏడు వందల కుటుంబముల ఊరది. మూడింట రెండు వంతులవారికి సెంటు భూమి లేదు. వినోబా హరిజనవాడకు పోయి వారి బాగోగులు అడిగెను. నలువది కుటుంబములవారు తమకు భూమి కావలెననిరి. ఎంత కావలెనని అడుగగా, వారు తమలో తాము లెక్క చూచుకొని, ఎనుబది ఎకరములు చాలునని చెప్పిరి: నలువది తరి, నలువది ఖుష్కి. ప్రభుత్వమునకు వ్రాయుదునని ముందు ఆయన తలంచెను. పిదప, ప్రభుత్వమువారినుండి వచ్చునంతలో గ్రామస్థులే ఇయ్యగలరేమో యని కూడినవారిని అడిగెను. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరు ఎకరములు ఇచ్చెదననెను. అడిగినదానికంటె ఇరువది హెచ్చు. వినోబా అది ముందుగా ఊహించినది కాదు. ఆ సాయంకాలపు ప్రార్థనసభలో ఆ మాట స్థిరపడెను. భూదానమను పేరు అట్లు పుట్టెను. ఊరు భూదాన పోచంపల్లి యయ్యెను.

దాని ఫలితములను గూర్చి ఏకాభిప్రాయము లేదు, ఉండవలసిన పనియు లేదు. తెలంగాణములో ఏబదియొక్క దినముల నడకలో పన్నెండు వేల ఎకరములకు పైగా భూమి వాగ్దానమయ్యెను. తరువాత పదమూడేండ్లు ఆయన దేశమెల్ల నడచెను. లక్షల ఎకరములు కాగితము మీదికి వచ్చెను. అందులో సేద్యమునకు అక్కరకురాని రాతినేలయు ఉండెను, పంచుటలో ఏండ్లతరబడి నిలిచిపోయినదియు ఉండెను, తగవులలో చిక్కినదియు ఉండెను. దానమువలననే భూసమస్య తీరుననుట నేను నమ్మను. పోరాటము వెనుక లేనిచో ఆ నూరు ఎకరములు అంత సులువుగా వచ్చెడివా యనుట కూడ న్యాయమైన ప్రశ్నయే. కాని ఆ దినమున అడిగినవారును ఇచ్చినవారును ఒకే చోట, ఒకరి మొగము ఒకరు చూచుకొనుచు కూర్చుండిరి. ఎనుబది ఎకరములన్న లెక్క ఏ కచేరీలోను పుట్టలేదు. వాడలో ఒక మనిషి నిలిచి అడిగినందువలన పుట్టెను. అడుగుటకు ఆగవలెను, ఆగుటకు నడచి రావలెను.

నేడు పోచంపల్లికి పోవువారు వినోబా విడిది చేసిన చోటును చూపించుమని అడుగుదురు. చీరలు కొనుటకు పోవువారే అంతకంటె హెచ్చు. 2005లో ఆ నేతకు భౌగోళిక గుర్తింపు లభించెను. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఆ యూరిని ఉత్తమ పర్యాటక గ్రామములలో ఒకటిగా ఎన్నుకొనెను. హైదరాబాదునుండి కారులో గంట దాటునప్పటికి చేరుదురు. సాయంకాలమునకు ఇల్లు చేరవలెనను తొందరలో నుందురు.

వినోబా ఆ రాత్రి ఊరిలోనే ఉండెను. మరునాటి ఉదయము మరల నడక సాగించెను.